బోరునీళ్లతో కొండెక్కే కారు

తిరుమల కొండ మీద నీళ్లు మరగడానికి వంద డిగ్రీలు అక్కర్లేదు. సముద్ర మట్టానికి దాదాపు తొమ్మిది వందల మీటర్ల ఎత్తులో గాలి ఒత్తిడి తగ్గుతుంది కాబట్టి సుమారు 97 డిగ్రీలకే తెర్లుతాయి. పోటులో ప్రసాదం వండేవాళ్లకు ఈ మూడు డిగ్రీల తేడా పెద్ద లెక్క కాదు. మే నెల మధ్యాహ్నం, ఐదుగురు మనుషుల్నీ వాళ్ల సామానునీ మోస్తూ, ఏసీ ఆడిస్తూ కొండెక్కే పాత కారుకు మాత్రం లెక్కే. ముఖ్యంగా దాని రేడియేటర్ క్యాప్ వదులై, లోపల ఉన్నవి ఉత్త బోరునీళ్లే అయితే.

తిరుపతి నుంచి తిరుమలకు మొదటి ఘాట్ రోడ్డును 1944 ఏప్రిల్ 10న అప్పటి మద్రాసు గవర్నర్ ఆర్థర్ హోప్ ప్రారంభించాడు. ఇప్పుడది దిగే దారి. ఎక్కడానికి వాడే రెండో రోడ్డు తర్వాత వచ్చింది. కొండ కింద అలిపిరి టోల్‌గేట్ దాటిన కారు 28 నిమిషాల కంటే ముందే పైకి చేరకూడదు, దిగేటప్పుడు 40 నిమిషాల కంటే ముందే కిందికి రాకూడదు అని దేవస్థానం నిబంధన. దురుసుగా నడిపేవాళ్లకు ముక్కుతాడు వేయడానికి పెట్టిన నిబంధన ఇది. మనకు మాత్రం చిన్న లెక్క వేసుకోవడానికి పనికొస్తుంది.

మనుషులతో కలిపి కారు బరువు 1500 కిలోలు అనుకుందాం. అలిపిరి నుంచి కొండ మీదికి ఎత్తు తేడా సుమారు 700 మీటర్లు. అంత బరువును అంత ఎత్తుకు చేర్చడానికే దాదాపు కోటి జౌళ్ల శక్తి కావాలి. పెట్రోలు మండితే వచ్చే శక్తిలో చక్రాలకు చేరేది మూడో వంతు లోపే. మిగిలినదాంట్లో ఒక భాగం సైలెన్సర్ గుండా పోతుంది, దాదాపు అంతే భాగం ఇంజన్ గోడల్లోకి దిగుతుంది. అంటే కారును కొండెక్కించే పనికి ఎంత శక్తి పోయిందో, కనీసం అంత వేడిని రేడియేటర్ బయటికి నెట్టాలి. ఆరు లీటర్ల నీళ్లను 30 డిగ్రీల నుంచి మరిగే దాకా కాచడానికి పద్దెనిమిది లక్షల జౌళ్ల లోపే సరిపోతుంది. కాబట్టి రేడియేటర్ పని చేయకపోతే, అలిపిరి దాటిన ఐదు నిమిషాలకే ఇంజన్‌లోని నీళ్లు మరగడం మొదలుపెట్టాలి. అలా జరగడం లేదంటే ముందు బంపర్ వెనకాల సన్నటి అల్యూమినియం గొట్టాలూ రేకులూ ఆ వేడిని నిమిష నిమిషానికీ గాలిలోకి వదిలేస్తున్నాయన్నమాట.

సాఫీ రోడ్డు మీద ఈ పని తేలిక. నాయుడుపేట వైపు గంటకు ఎనభై కిలోమీటర్ల వేగంతో పోతుంటే ఎదురుగాలే రేడియేటర్‌ను చల్లబరుస్తుంది. ఘాట్‌లో పరిస్థితి తలకిందులు. కారు నడిచేది నెమ్మదిగా, ఇంజన్ తిరిగేది రెండో గేరులో గట్టిగా. వేడి ఎక్కువ, గాలి తక్కువ. భారమంతా ఫ్యాన్ మీద పడుతుంది. చిత్తూరు నుంచి పలమనేరు పోయే దారిలో మొగిలి ఘాట్ అయినా, మదనపల్లె దారిలో భాకరాపేట ఘాట్ అయినా కథ ఇదే. ఏడాదంతా ఊళ్లో తిరిగినప్పుడు బయటపడని లోపం ఘాట్‌లో ఒక్క మలుపులో బయటపడుతుంది.

"మనకేమన్నా మంచు కురస్తాదా సామీ, కూలెంట్ దేనికి? నీళ్లు పోస్తే సాలదా?" ఈ ప్రశ్న మా వైపు షెడ్డుల్లో ఇప్పటికీ వినబడుతుంది. న్యాయమైన ప్రశ్నే. కూలెంట్‌లో ప్రధాన ద్రవం ఇథిలీన్ గ్లైకాల్. పందొమ్మిదో శతాబ్దం మధ్యలో ఫ్రెంచి రసాయనవేత్త షార్ల్ అడోల్ఫ్ వుర్ట్జ్ దీన్ని తొలిసారి తయారు చేశాడు. తర్వాతెప్పుడో చలి దేశాల కార్లలో నీళ్లు గడ్డకట్టి ఇంజన్ బ్లాకులు పగిలిపోతుంటే, దాన్ని ఆపడానికి అందులో కలపడం మొదలైంది. అందుకే డబ్బా మీద 'యాంటీ ఫ్రీజ్' అని ఉంటుంది. తిరుపతిలో ఆ గుణంతో మనకు పని లేదు.

ఇంకో నిజం కూడా ఒప్పుకోవాలి. వేడిని మోయడంలో నీళ్లను మించింది లేదు. సగం గ్లైకాల్, సగం నీళ్లు కలిపిన ద్రవం ఉత్త నీళ్ల కంటే ఇంచుమించు ఆరో వంతు తక్కువ వేడిని మోస్తుంది. పేరులో చల్లదనం ఉన్నా, చల్లబరిచే పనిలో కూలెంట్ నీళ్ల కంటే ఒక మెట్టు కిందే. అయినా అది ఎందుకు కావాలంటే రెండు కారణాలు. మొదటిది చిన్నది, రెండోది పెద్దది.

మొదటిది మరుగు స్థానం. గ్లైకాల్ ఒక్కటే అయితే 197 డిగ్రీలకు మరుగుతుంది. సగం సగం కలిపితే మామూలు ఒత్తిడిలో 107 డిగ్రీల దాకా ఆగుతుంది. దానికి రేడియేటర్ క్యాప్ తోడవుతుంది. ప్రెజర్ కుక్కర్ మీద వెయిట్ ఎలాగో రేడియేటర్‌కు ఆ క్యాప్ అలాగ. లోపల స్ప్రింగు ఉంటుంది, సుమారు ఒక బార్ అదనపు ఒత్తిడిని నిలబెడుతుంది. ఆ ఒత్తిడిలో మరుగు స్థానం దాదాపు 130 డిగ్రీలకు చేరుతుంది. ఇంజన్ మామూలుగా 90, 100 మధ్య నడుస్తుంది కాబట్టి ఘాట్‌లో కాస్త పెరిగినా ఇబ్బంది లేదు. కొండ మీద మనం పోగొట్టుకునే మూడు డిగ్రీలు ఈ ముప్పై డిగ్రీల ముందు లెక్కలోకి రావు. రెండు మూడు వందల రూపాయల ఆ క్యాప్ రబ్బరు ఎండి పగిలితే మాత్రం ఈ లెక్కంతా గాలికి పోతుంది. క్యాప్ పాడైతే రేడియేటర్ మార్చమని చెప్పే షెడ్డులూ ఉన్నాయి. ముందు క్యాప్ మార్చి చూడండి.

రెండో కారణం లోహం. ఇప్పటి ఇంజన్‌లో పోత ఇనుము, అల్యూమినియం, ఉక్కు, కొన్నిట్లో రాగి, టంకం అన్నీ ఒకే నీళ్లలో మునిగి ఉంటాయి. రకరకాల లోహాలు, వాటి మధ్య లవణాలున్న వేడినీళ్లు. ఇది బ్యాటరీ పని చేసే సూత్రమే. తిరుపతి పక్కన కరకంబాడిలో అమరరాజా ఫ్యాక్టరీ ఉన్న ప్రాంతంలో ఈ సంగతి విడమరచి చెప్పనక్కర్లేదు. ఇంజన్‌లో ఆ చర్య జరిగితే అల్యూమినియం తినుకుపోతుంది. పైగా అల్యూమినియం ఆమ్లంలోనూ కరుగుతుంది, క్షారంలోనూ కరుగుతుంది. దాన్ని కాపాడే మందులు కూలెంట్‌లో కొద్ది శాతమే ఉంటాయి. సిలికేట్లు, ఫాస్ఫేట్లు, లేదా సేంద్రియ ఆమ్లాల లవణాలు. మనం డబ్బు పెట్టి కొనేది అసలు ఈ కొద్ది శాతాన్నే.

ఇక బోరునీళ్ల సంగతి. ఇక్కడ కాస్త భూగర్భంలోకి దిగాలి. తిరుమల ఘాట్ రోడ్డు పక్కన ఒకచోట భారత భూగర్భ సర్వే సంస్థ జాతీయ భూవిజ్ఞాన స్మారకంగా గుర్తించిన చోటు ఉంది. ఎపార్కియన్ అన్‌కన్‌ఫర్మిటీ అంటారు. కింద అతి పురాతనమైన గ్రానైటు, దాని మీద నేరుగా కూర్చున్న క్వార్ట్జైటు. ఈ రెంటి మధ్య కోట్ల ఏళ్ల చరిత్ర గల్లంతు. కార్లలో పోయేవాళ్లలో దాన్ని ఆగి చూసేవాళ్లు తక్కువ, ఆగడానికి వీలూ తక్కువ. మన విషయానికి ఆ గీత పనికొస్తుంది. పైనున్న క్వార్ట్జైటు దాదాపు అంతా సిలికానే, నీళ్లలో కరిగి వచ్చే కాల్షియం దాంట్లో లేదనే చెప్పాలి. కొండ మీద గోగర్భం, పాపవినాశనం డ్యాముల్లో నిలిచేది ఆ రాళ్ల మీద కురిసిన వాననీరు. కింద మైదానంలో గ్రానైటు పగుళ్లలో ఏళ్ల తరబడి నిలిచి, ఎండకు చిక్కబడి, వెయ్యి అడుగుల బోరులోంచి పైకొచ్చే నీటిలో కాల్షియం, మెగ్నీషియం బైకార్బొనేట్లు, క్లోరైడ్లు దండిగా ఉంటాయి. చిత్తూరు పల్లెల్లో సబ్బు నురగ రాదు, గీజర్ రాడ్డు ఏడాదికే తెల్లగా రాయి కడుతుంది, బకెట్ అంచున తెల్ల చార పోదు.

కాల్షియం బైకార్బొనేటు వేడికి నిలవదు. కార్బన్ డయాక్సైడు వదిలేసి కాల్షియం కార్బొనేటుగా, అంటే సున్నపురాయిగా పేరుకుంటుంది. చాలా లవణాలు వేడినీళ్లలో ఎక్కువ కరుగుతాయి, ఇది మాత్రం తక్కువ కరుగుతుంది. అందుకే ఇంజన్‌లో ఎక్కడ వేడి ఎక్కువో సరిగ్గా అక్కడే, హెడ్డు లోపల వాల్వుల చుట్టూ, ముందుగా పేరుకుంటుంది. అల్యూమినియంతో పోలిస్తే ఈ పెచ్చు గుండా వేడి పారడం దాదాపు వంద రెట్లు కష్టం. మిల్లీమీటరు మందం కూడా తక్కువేం కాదు. గేజ్ ముల్లు మామూలుగానే కనిపిస్తుంటుంది, పెచ్చు వెనకాల లోహం మాత్రం కాగిపోతుంటుంది. చివరికి హెడ్డు వంగి, గ్యాస్కెట్ పోతుంది. ఆవిరై తగ్గిన నీళ్లకు బదులు మళ్లీ బోరునీళ్లు పోసిన ప్రతిసారీ కొత్త లవణాలు చేరతాయి. నీళ్లు పోతాయి గానీ రాయి పోదు.

దీనికి ప్రపంచ స్థాయి కథ ఒకటి ఉంది. యూరప్‌లో చాలాచోట్ల కుళాయి నీళ్లు కఠిన జలం. కూలెంట్‌లో ఫాస్ఫేట్లు ఉంటే కాల్షియంతో కలిసి కాల్షియం ఫాస్ఫేటుగా అడుగున పడతాయి. అందుకే అక్కడి కంపెనీలు ఫాస్ఫేటు వద్దని, సిలికేట్ల వైపు మొగ్గాయి. జపాన్‌లో నీళ్లు మృదువు, ఫాస్ఫేటుతో చిక్కు లేదు. సిలికేట్లు నీటి పంపు సీళ్లను అరగదీస్తాయని వాళ్లు వాటిని వద్దన్నారు. కొరియా వాళ్లూ ఎక్కువగా జపాన్ దారే పట్టారు. ఇప్పుడు మన రోడ్లను చూడండి. మారుతి సుజుకి, టొయోటా, హ్యుందాయ్, పెనుకొండ దగ్గర తయారయ్యే కియా, 2016 నుంచి శ్రీసిటీలో తయారవుతున్న ఇసుజు. అన్నీ ఆ సంప్రదాయంలోంచి వచ్చినవే. మృదు జలాన్ని దృష్టిలో పెట్టుకుని కుదిర్చిన కూలెంట్‌లో రాయలసీమ బోరునీళ్లు కలిపితే రక్షణ మందే అడుగున మడ్డిగా దిగుతుంది. కంపెనీ కూలెంట్ పోశాను కదా అని ధీమాగా ఉన్నవాడి ఇంజన్ కూడా ఇలాగే పాడవుతుంది.

కాబట్టి నీళ్లంటే డిస్టిల్డ్ వాటర్. బ్యాటరీ షాపుల్లో ఐదు లీటర్ల క్యాన్లలో దొరుకుతుంది. తాగడానికి అమ్మే మినరల్ వాటర్ దానికి బదులు కాదు, రుచి కోసం అందులో లవణాలు తిరిగి కలుపుతుంటారు. ఏసీ నుంచి కారే నీళ్లు పట్టి వాడేవాళ్లున్నారు. దాంట్లో కఠినత్వం ఉండదు నిజమే గానీ, కాయిల్ మీది దుమ్మూ లోహపు రజనూ ఉంటాయి. నేనైతే వాడను.

రంగు చూసి కూలెంట్ కొనడం ఇంకో తప్పుడు అలవాటు. పచ్చ, ఎరుపు, గులాబి, నీలం అన్నీ కారిపోతే కనబడాలని కలిపిన రంగులే. ఏ రంగులో ఏ మందు ఉండాలన్న ఉమ్మడి నియమం లేదు. డబ్బా వెనక ఐఎస్ 5759 అనో, జేఐఎస్ కె 2234 అనో ఉందా, మీ కారు మాన్యువల్ చెప్పిన రకమేనా అన్నది చూడాలి. పొసగని రెండు రకాలు కలిస్తే కొన్నిసార్లు జిగురులా గడ్డకట్టి సన్నటి గొట్టాలను మూసేస్తాయి. పాతబడిన కూలెంట్ రంగు మారకుండా మెరుస్తూనే ఉండొచ్చు కూడా. గ్లైకాల్ చాలావరకు అలాగే ఉంటుంది, మందులు మాత్రం ఖర్చయిపోతాయి. వేడికీ గాలికీ గ్లైకాల్ నెమ్మదిగా ఆమ్లాలుగా మారుతుంటే, ఆ ఆమ్లాన్ని చంపుతూ మందులు అరిగిపోతాయి. పాత రకం పచ్చ కూలెంట్లకు రెండేళ్లు గడువు. సేంద్రియ ఆమ్ల రకాలకు ఐదేళ్లు, ఇంకా పైన కూడా. ఒక్కసారైనా బోరునీళ్లు పడితే ఆ గడువును నమ్మకండి.

మార్చే పద్ధతికి వద్దాం. రాత్రంతా ఆగి ఉన్న కారు మీద, పొద్దున్నే చేయాల్సిన పని ఇది. వేడి మీద క్యాప్ తిప్పితే ఒత్తిడి ఒక్కసారిగా పడిపోయి, లోపలి ద్రవం అక్కడికక్కడే ఆవిరై మొహం మీద కొడుతుంది. చల్లబడ్డాక క్యాప్ తీసి, మూతి లోపల వేలితో తుడిచి చూడండి. వేలికి కూలెంట్ రంగు తడి మాత్రమే అంటితే మంచిదే. ఎర్రమట్టిలాంటి పొడి అంటితే తుప్పు. గోటికి గరుగ్గా తెల్లటి పెచ్చు తగిలితే బోరునీళ్లు. కాఫీ రంగులో నూనె జిడ్డు తేలితే ఫ్లషింగ్ సంగతి పక్కనపెట్టి హెడ్ గ్యాస్కెట్ చూపించాలి.

డ్యాష్‌బోర్డులో హీటర్ నాబ్‌ను పూర్తి వేడి వైపు తిప్పాలి. మన ప్రాంతంలో హీటర్ ఎవరూ వాడరు. కొన్ని కార్లలో ఆ వాల్వు ఏళ్ల తరబడి మూసే ఉంటుంది, దాని వెనక చిన్న రేడియేటర్‌లో మడ్డి నిద్రపోతుంటుంది. తర్వాత రేడియేటర్ అడుగున ఉన్న డ్రెయిన్ ప్లగ్గు, అది లేకపోతే కింది హోస్ పైపు విప్పి పళ్లెంలోకి వదలాలి. మొదట ధార జోరుగా వస్తుంది, ఆగిపోతుంది, పైన క్యాప్ తీసి ఉంటే మళ్లీ గుడగుడలాడుతూ వస్తుంది. వచ్చినదాన్ని కొలవండి. ఆరు లీటర్లు పట్టే కారులో మూడు లీటర్లే వస్తాయి. తక్కింది ఇంజన్ బ్లాకులోనే ఉండిపోతుంది. చాలా షెడ్డుల్లో కూలెంట్ మార్చామంటే సగం మార్చారని అర్థం చేసుకోవచ్చు.

ఆ సగాన్ని బయటికి తేవడానికే ఫ్లషింగ్. డిస్టిల్డ్ వాటర్ నింపి ఇంజన్ ఆడించాలి. థర్మోస్టాట్ వాల్వు 80 డిగ్రీలు దాటాక గానీ తెరుచుకోదు. పై హోస్ పైపును పట్టుకుని చూస్తే తెలుస్తుంది. అప్పటిదాకా గోరువెచ్చగా ఉన్నది కొద్ది సేపట్లో చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతుంది. మరికొన్ని నిమిషాలు ఆడించి, ఆపి, పూర్తిగా చల్లారాక మళ్లీ వదలాలి. వచ్చే నీళ్లు తేటగా ఉండేదాకా ఇదే వరస. తెల్ల పెచ్చు దండిగా ఉంటే సిట్రిక్ ఆమ్లంలాంటి మెత్తటి క్లీనర్లు వాడతారు గానీ, వాటిని మితంగా వాడి, ఆనవాలు లేకుండా కడిగేయాలి. పాత రాగి, ఇత్తడి రేడియేటర్ల ట్యాంకు విప్పి గొట్టాల్లోకి ఇనుప పట్టీలు దూర్చి గీకే పనివాళ్లు ఒకప్పుడు ప్రతి ఊళ్లో ఉండేవాళ్లు. ఇప్పటి అల్యూమినియం గొట్టాలు, ప్లాస్టిక్ ట్యాంకులు ఆ మోటు వైద్యానికి తట్టుకోవు.

నింపేటప్పుడు ఎక్కువమంది లెక్క తప్పేది ఒక చోట ఉంది. కడిగాక బ్లాకులో మూడు లీటర్ల ఉత్త డిస్టిల్డ్ వాటర్ మిగిలి ఉంది కదా. దాని మీద షాపులో దొరికే, ముందే సగం నీళ్లు కలిపిన కూలెంట్ మూడు లీటర్లు పోస్తే చివరికి లోపల గ్లైకాల్ నాలుగో వంతే. మందులూ ఆ మేరకు పల్చబడతాయి. అందుకని కాన్సెంట్రేట్ కొనాలి. సగం సగం కావాలంటే ఆ ఖాళీలో మూడు లీటర్లూ కాన్సెంట్రేటే పోయాలి. మన ఎండలకు ఎంత శాతం ఉండాలో మాన్యువల్ చెబుతుంది, చాలావాటిలో 30 నుంచి 50 శాతం మధ్య ఉంటుంది.

నింపాక గాలి తీయాలి. హెడ్డులో ఒక బుడగ ఇరుక్కుంటే అక్కడ ద్రవం ఉండదు, లోహం కాగుతుంది, గేజ్‌కు అది సరిగా తెలియదు. మూతి తెరిచి ఉంచి ఇంజన్ ఆడిస్తూ, పై పైపును చేత్తో నొక్కి వదులుతుంటే బుడగలు బుడుక్కున తేలతాయి. కొన్ని కార్లకు గాలి వదలడానికి వేరే స్క్రూ ఉంటుంది. ఫ్యాన్ ఒకసారి తిరిగి ఆగేదాకా చూసి క్యాప్ బిగించాలి. మరుసటి రోజు చల్లని ఇంజన్ మీద రిజర్వాయర్ చూస్తే మట్టం కొంచెం దిగి ఉంటుంది. మాక్స్ గీత దాకా నింపాలి. అదే మట్టం వారం వారం దిగుతుంటే మాత్రం కూలెంట్ ఎక్కడో కారుతోంది.

ఇవన్నీ చేసినా ఘాట్‌లో ముల్లు పైకి పాకిందనుకోండి. ముందు ఏసీ ఆపండి. అద్దాలు దించి, హీటర్‌ను పూర్తి వేడిలో, బ్లోయర్‌ను పూర్తి జోరులో పెట్టండి. ఎండాకాలంలో హీటరేమిటని వెనక సీట్లోవాళ్లు తిడతారు. తిట్టనివ్వండి. అది చిన్నదైనా రెండో రేడియేటరే. ఎర్ర దీపం వెలిగినా, ఆవిరి కనబడినా పక్కకు తీసి ఇంజన్ ఆపాలి, అరగంటకు తక్కువ కాకుండా వదిలేయాలి. కాగిన ఇంజన్‌లో చల్లటి నీళ్లు కుమ్మరిస్తే హెడ్డు చీలిపోవచ్చు.

2022 సెప్టెంబరు నుంచి ఈ ఘాట్‌లో ఆర్టీసీ ఎలక్ట్రిక్ బస్సులూ తిరుగుతున్నాయి. వాటిలో మండే డీజిల్ లేదు గానీ మోటారు, కంట్రోలర్, బ్యాటరీ వేడెక్కుతాయి కాబట్టి చల్లబరిచే ఏర్పాటు వాటికీ ఉంటుంది. బ్యాటరీని చల్లబరిచే ద్రవంలో లవణాలుంటే కరెంటు పారే ప్రమాదం కూడా ఉంది కాబట్టి ఎలక్ట్రిక్ వాహనాలకు బోరునీళ్లు ఇంకా పెద్ద శత్రువు.

ఇక పళ్లెంలో మిగిలిన పాత కూలెంట్. గ్లైకాల్ తియ్యగా ఉంటుంది. కాలువలో పోస్తే కుక్కలు నాకుతాయి, వీధి ఆవులు తాగుతాయి. అది కాలేయంలో ఆక్సాలిక్ ఆమ్లంగా మారి, కాల్షియంతో కలిసి స్ఫటికాలై మూత్రపిండాలను మూసేస్తుంది. మనుషులకైనా అంతే, పిల్లలకైతే కొద్ది మోతాదు చాలు. కింద ఒలికింది వెంటనే నీళ్లతో బాగా కడిగేసి, వాడినదాన్ని పాత డబ్బాలోనే పోసి, మూత బిగించి, మీద 'విషం' అని రాసి, వాడిన ఇంజన్ ఆయిలు తీసుకునే సర్వీస్ సెంటర్లో అప్పగించండి. తాగిన కూల్‌డ్రింక్ సీసాల్లో మాత్రం పోసి పెట్టకండి.